కొల్లాపురామె సూదిమందు

ఇటు జరిగి కూర్చోండి. గడప అవతల కూర్చుంటే నా గొంతు మీ దాకా రాదు. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీస్తూనే వినండి, చేతి పనికి చెవి అడ్డం రాదు కదా. నేను బడికి పోయింది రెండేళ్ళు. పెద్ద మాటలు నాకు రావు. జ్ఞాపకం మాత్రం దండిగా ఇచ్చాడు దేవుడు, మరిచిపోవాలనుకున్నవి కూడా మరపురానంత.

మొన్న మనవరాలి ఇంట్లో మజ్జిగ కోసం ఫ్రిజ్ తలుపు తీశాను. గుడ్ల పక్కన బొటనవేలంత గాజు బుడ్డి కనపడింది. లోపల నీళ్ళలాంటి మందు, పైన రబ్బరు మూత.

"ఎవలిదే ఇది?" అన్నాను.

"పక్కింటి సారుది అవ్వా. షుగర్ సూదిమందు. వాళ్ళ ఫ్రిజ్ ఖరాబైందట, రెండొద్దులు పెట్టుకొమ్మన్నరు."

నేను ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "చల్లగాలంత పోతాంది అవ్వా, ఎయ్యి తలుపు" అని మనవరాలు అరిస్తే గాని తెలివికి రాలేదు. మజ్జిగ సంగతే మరిచిపోయాను. చచ్చిపోయి నలభై ఏళ్ళయిన మనిషి మీద ఇంకా కుళ్ళు ఉంటుందా అంటారేమో. ఉంటుంది. నాకుంది.

ఆ మనిషి నా యారాలు, అంటే తోటికోడలు, మా మరిది పెళ్ళాం. పేరు చెప్పను. ఆ ఇంట్లో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళే లేరు. మా వైపు కోడళ్ళను పుట్టినూరుతో పిలిచేవారు. నేను మక్తల్ దిక్కు నుంచి వచ్చాను కనుక మక్తలామెను. ఆమె కొల్లాపూర్ దగ్గరి పిల్ల కనుక కొల్లాపురామె. మా అత్తవారి ఊరు పాలమూరుకు ఎడ్లబండి మీద ఒక పగటి దారి. నైజాం కాలం నాటి మాట ఇది.

కాపురానికి వచ్చిన రెండో ఏడు ఆ పిల్ల నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. చెంబుతో కాదు, బిందెతో. కృష్ణ ఒడ్డున పుట్టింది కదా, అలవాటేమో అనుకున్నాం. "నదిని ఎంటేసుకొని రాకపోతివా పిల్లా, బాయి ఎండిపోతాంది" అని నేనే ఎకసెక్కం చేశాను. తినేది ముగ్గురి తిండి, మనిషి మాత్రం చువ్వలా అయిపోయింది. పెరట్లో ఆమె ఒంటికి పోయిన చోట చీమలు బారులు కట్టడం మా అత్త చూసింది. ఆ మరునాడే బండి కట్టారు.

పాలమూరు దిక్కున తెల్ల డాక్టరమ్మ నడిపే దవాఖాన ఒకటుండేది. అక్కడ నర్సమ్మ మా పక్క ఊరి కూలివాళ్ళ బిడ్డ. క్రైస్తవుల బడిలో చదువుకుంది. ఆమె తల్లి మా చేలో కలుపు తీసేది. మా అత్త మొదట ముక్కు ముడిచి దూరంగా నిలబడింది. ఆ పిల్ల చెయ్యి పడకపోతే తన కోడలు దక్కదని తెలిశాక, ఆమెను "నర్సమ్మా" అని పిలిచి, తన కొంగుతోనే బల్ల తుడిచి కూర్చోమంది.

"తిన్నదాన్ని ఒంటికి పట్టించే రసం ఈమెకు ఊరుతలేదు పెద్దమ్మా. సూదితోని మనమే పెట్టాలె. పొద్దుగాల ఒకటి, పొద్దుమీకి ఒకటి" అంది నర్సమ్మ.

"ఎన్ని దినాలు?"

"బతికినన్ని దినాలు."

"నడుమ మానితే?"

నర్సమ్మ మా అత్త మొహంలోకి చూసింది. "మానితే బతుకది పెద్దమ్మా" అంది.

అంతే. ఆనాటి నుంచి మా ఇల్లంతా ఆ బుడ్డి చుట్టే తిరిగింది.

సూది వెయ్యడం మాకు వంకాయ మీద నేర్పారు. మరిది వంకాయను కుళ్ళబొడిచాడు. నా సూది తిన్నగా దిగింది. "అక్కా, నీది మంచి చెయ్యి" అంది నర్సమ్మ. పెళ్ళయిన ఆరేళ్ళలో నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. కానీ పెళ్ళాం మరిదిది. ఇంటికొచ్చాక పదిహేను రోజుల్లో అతని చెయ్యీ కుదురుకుంది. నేను ఊరికే పక్కన ఉన్న చెయ్యినయ్యాను.

ఇప్పుడు నా కుళ్ళు సంగతి చెబుతా, దాచడం దేనికి? రోజూ పొద్దున ఆ మగవాడు తనే పొయ్యి రాజేసి, గాజు సూదిని గిన్నెలో మరగబెట్టేవాడు. మా ఇంట్లో మగవాడు పొయ్యి దగ్గర కూర్చోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. తరవాత పెళ్ళాం ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి పట్టుకుని, స్పిరిటు రాసి, ఉఫ్ఫని ఊది, "నొప్పైతదా?" అని అడిగేవాడు. రోజుకు రెండు సార్లు. పట్టపగలు. అందరి ముందు. నా మొగుడు చెడ్డవాడు కాదు. కానీ నా కాల్లో తుమ్మముల్లు విరిగిన రోజు, "పిన్నీసు ఉండాలె చూడు" అని చెప్పి ఎడ్లను తోలుకుని పోయినవాడు. ఆ పిల్లకు సూది దిగుతుంటే, ఇక్కడ జొన్నపిండి కలుపుతున్న నాకు గుచ్చుకునేది.

ఒకటా? చెప్పులు. కాలికి పుండు పడితే మానదని, ఒట్టి కాళ్ళతో నడవొద్దని డాక్టరమ్మ చెప్పింది. మరిది మెత్తటి తోలుతో చెప్పులు కుట్టించాడు. అత్తగారి ముందు, నట్టింట్లో, కోడలు చెప్పులేసుకుని టపటపా నడిచేది. ఆమెకు గుడ్డు, మాంసం, మీగడ తీసిన పాలు, ఆకుకూర. నా ఇద్దరు బిడ్డలకు పండక్కి తప్ప గుడ్డు లేదు. ఆ బుడ్డిని చల్లగా ఉంచడానికి నీళ్ళ గోలెం పక్కన ఇసుక నింపిన కొత్త కుండ. దానికి పూటపూటా నీళ్ళు పొయ్యడం నా వంతు. నా మక్కజొన్న చెలక ఎండినా సరే, ఆ కుండ ఎండకూడదు.

ఇంకోటి ఉంది. రోజూ ఆమె ఒంటికి పోయినదాన్ని నాలుగు చుక్కలు గాజు గొట్టంలో తీసి, నీలి మందులో కలిపి, దీపం మీద మరగబెట్టి చూసేవారు. నీలంగానే ఉంటే ఇల్లంతా నవ్వులు. ఆకుపచ్చకు తిరిగితే పరవాలేదు. పసుపైతే మా అత్త నిట్టూర్పు. ఇటుక రంగుకు వస్తే ఆ పూట రొట్టెలు అలాగే మిగిలిపోయేవి. ఆమె ఉచ్చ రంగు అంత మంది చూసేవారు. నా మొహం రంగు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంతకీ మనిషి ఎలా ఉండేదో చెప్పలేదు. సన్నగా, పొడుగ్గా, పై పెదవి మీద చిన్న మచ్చ. నవ్వితే మచ్చ కనపడకుండా పోయేది. సూది ఒకే చోట వేస్తే గడ్డ కడుతుంది కనుక చోటు మార్చాలి. అందుకని తన ఒంటిని మా పొలంలా పంచుకుంది. కుడి తొడ తూర్పు చెలక, ఎడమ తొడ బాయికాడి చెలక, చేతులు రెండూ గెట్టు మడులు, కడుపు బీడు. మరిది సూది పట్టుకుని రాగానే, "ఇయ్యాల బాయికాడి చెలక దున్నాలె పటేలా. తూర్పు చెలక పండబెట్టినం" అనేది. కూలివాళ్ళు కూడా నవ్వేవారు. నేను నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడేదాన్నో.

తీపి అంటే ఆమెకు ప్రాణం, అదే ఆమెకు కూడదు. బతుకమ్మకు రొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తాం. నేను ముద్ద తీసుకుని వసారాలో కూర్చోగానే, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చునేది.

"తిను అక్కా. తినుకుంట చెప్పు."

"ఏం చెప్పాలె?"

"ఎట్లున్నదో చెప్పు. బెల్లం ముందుగాల తగిలిందా, నెయ్యి తగిలిందా? యాలక్కాయ పంటికింద పడ్డదా?"

మొదట్లో కడుపు మంటతోనే చెప్పాను. ఉన్నదానికి రెండింతలు చేసి చెప్పాను. "అబ్బ, గోరువెచ్చగ ఉన్నది పిల్లా, నాలిక మీద పెడ్తె కరిగిపోతాంది, గొంతుదాంక తీపి కారుతాంది" అని కళ్ళు మూసుకుని మరీ చెప్పేదాన్ని. ఆమె నా నోటివంకే చూస్తూ గుటకలు మింగేది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "మంచిగ చెప్తవ్ అక్కా. కడుపు నిండింది" అని లేచిపోయేది. మిగిలిన ముద్ద నేను బిడ్డలకు పెట్టేసేదాన్ని.

ఆమెకు సూదులు మొదలైన మూడో ఏడు శ్రావణంలో జరిగింది అసలు సంగతి. బుడ్డీలు అయిపోవస్తే, తేవడానికి మరిది రైలెక్కి పట్నం పోయాడు. పోయే ముందు నన్ను గోలెం దగ్గరకు పిలిచాడు.

"వదినే, మూడొద్దులు. నీ చేతుల పెట్టి పోతున్న. సూది ఏసినంక వెంటనే తినాలె. మర్వకు."

"నాకు చెప్తున్నవా? వంకాయను బొడిచి చంపినోడివి నువ్వు" అన్నాను. నవ్వాడు. కానీ కళ్ళలో భయం ఉంది.

సూది వేసి తిండి పెట్టకపోతే ఏమవుతుందో నర్సమ్మ మా అందరికీ చెప్పింది. ఒంట్లో చక్కెర అడుగంటి పోతుంది, చెమటలు పోస్తాయి, వణుకు వస్తుంది, మాట తడబడుతుంది. అప్పుడు బెల్లమే మందు. మా అత్తకు ఇది ఎన్నటికీ తలకెక్కలేదు. "తీపి తింటె సస్తదంటిరి, ఇప్పుడు తీపే పెట్టుమంటున్నరు. ఏం రోగమే తల్లీ ఇది, పూటకో మాట మాట్లాడుతది" అనేది. ఆ పిల్ల కొంగు ముడిలో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది.

మరిది పోయిన రెండో రోజు పోచమ్మ బోనాలు. కొత్త కుండలో బెల్లం అన్నం వండి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి, నెత్తిన మోసుకుని పోయి అమ్మవారికి పెట్టాలి. అమ్మవారు తినేదాకా బోనమెత్తినవాళ్ళు ముద్ద ముట్టకూడదు. అది ఒక్కపొద్దు. ఆమెకు మాత్రం సూదులు మొదలైనప్పటి నుంచి ఒక్కపొద్దు లేదు, బోనమూ లేదు. అత్తే వద్దంది. నేను కుండకు సున్నం బొట్లు పెడుతున్నాను. ఆమె పక్కన కూర్చుని పసుపు కలుపుతోంది. నా నోరు ఊరుకోలేదు.

"నీకేందమ్మా, మంచిగున్నది. మేం ఎండల మాడుకుంట నడవాలె. నువ్వు గుడ్డు తిని, చెప్పులేసుకొని ఎనక మెల్లగ రా. పోచమ్మ గూడ నీకు మాఫీ ఇచ్చింది."

ఆమె పసుపు కలపడం ఆపింది. "నేను గూడ ఎత్తుత అక్కా బోనం" అంది.

"ఎత్తు. ఎవలొద్దన్నరు?" అన్నాను.

అత్త ఒప్పుకోలేదు. "తిని ఎత్తుత అత్తా, అమ్మ ఏమనుకోదు" అని బతిమాలి ఒప్పించుకుంది. పొద్దెక్కాక నేనే సూది వేశాను. అరరొట్టె, గుడ్డు, తోటకూర ముందు పెట్టి, బిడ్డలకు నీళ్ళు పొయ్యడానికి పోయాను. వచ్చేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది.

"తిన్నవా?"

"తిన్న."

తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. బెల్లం ముక్క పాత చీర కొంగులోనే ఉండిపోయింది. బోనానికి వేపాకు తీసుకుందామని నేను గంప ఎత్తాను. గంప కింద గుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పితే రొట్టె ఉంది. గుడ్డూ ఉంది. కూరా ఉంది.

ఇక్కడే నా సంగతి మీకు తెలియాలి. అది చూసిన వెంటనే నాకు అంతా అర్థమైంది. అరిచి పిలిస్తే వినపడేంత దూరంలో ఉంది ఆమె. నేను గుడ్డ చుట్టేసి, గంపను మళ్ళీ ఉన్నచోటే పెట్టాను. ఆమె చచ్చిపోవాలని అనుకోలేదు, నా బిడ్డల మీద ఒట్టు. "ఉండనీ. ఒక్కనాడు మాలెక్క ఉండి చూడనీ" అనుకున్నాను. అంతే అనుకున్నాను.

బయలుదేరాం. ఆమె చెప్పులు కూడా విడిచింది. డప్పులు, ఎండ, కాళ్ళ కింద కాలే గరుసు. గుడి ముందు బోనాలు వరుసగా ఆగాయి. ఒక్కొక్కరే లోపలికి పోవాలి. నా ముందు ఆమె. మొదట మెడ కొద్దిగా ఊగింది. తరవాత నడుం. ఎవరో చప్పున ఆమె నెత్తి మీది బోనం అందుకున్నారు. ఒళ్ళంతా వణుకు, రవిక తడిసి ముద్దయింది, చూపు ఎటో ఉంది.

"అమ్మ వచ్చింది! కొల్లాపురామె మీదికి పోచమ్మ వచ్చింది!"

డప్పులు రెట్టింపయ్యాయి. ఎవరో పసుపు నీళ్ళు పోశారు, ఎవరో చేతిలో వేపమండ పెట్టారు. మా అత్త, ఎవరికీ తల వంచని మా అత్త, చిన్నకోడలి కాళ్ళ మీద పడింది. "తల్లీ, వానలెప్పుడు కురిపిస్తవ్? నా చిన్నకొడుకు ఇంట్ల దీపం ఎప్పుడు పెడ్తవ్?"

నాకు ఏమనిపించిందో చెబితే మీరు నన్ను ఇక్కడి నుంచి లేచిపొమ్మంటారు. నర్సమ్మ చెప్పిన వణుకు, చెమటలు గుర్తుకు రాలేదు. తొమ్మిదేళ్ళు మోశాను బోనం. ఒక్కపొద్దు ఒక్క ఏడు తప్పలేదు. ఏనాడూ అమ్మ నా వైపు తిరిగి చూడలేదు. ఈమె ఒక్క పూట ఉందో లేదో, వచ్చి ఈమెనే పట్టుకుందా? మొగుడు ఆమె ముందే కూర్చుంటాడు, గుడ్డు ఆమెకే, కుండలో నీళ్ళు ఆమెకే, చివరికి దేవత కూడా ఆమెకేనా? నెత్తి మీద దీపంతో నిలబడి నేను పోచమ్మను తిట్టుకున్నాను.

అప్పుడు ఆమె నోరు కదిలింది. నాలుక ముద్దగా తిరిగింది. "అక్కా... ఎట్లున్నది... చెప్పు..."

"అమ్మ అడుగుతాంది! ఊరు ఎట్లున్నదో అడుగుతాంది, చెప్పుండ్రి!" అన్నారెవరో.

నాకు మాత్రం ఆ మాట తెలుసు. దేవత కాదు, ఏం కాదు. మలీద ముందు కూర్చున్న మా పిల్ల. నా బోనం దించాను. దీపం తీసి నేల మీద పెట్టాను, వేళ్ళు కాలాయి. మూత తీసి, అమ్మవారికి చూపించనైనా చూపించని అన్నంలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి ఆమె నోట్లో కుక్కాను.

ఊరంతా ఒక్కసారి హాహాకారం చేసింది. "అమ్మకు పెట్టకముందే ఎంగిలి జేసింది!" ఎవరో నా కొప్పు పట్టి గుంజారు. మా అత్త వీపు మీద రెండు చరిచింది. "దేవుని బువ్వనే అది, పాపిష్టిదానా! ఊరిని ముంచుతవా?" నేను వదల్లేదు. ఆమె నమలలేకపోయింది. బెల్లం పాకం వేలితో తీసి చిగుళ్ళకు రాశాను, బుగ్గ లోపల రుద్దాను. "మింగు పిల్లా. మింగవే. నీ కాళ్ళు మొక్కుత, మింగు." రెండో పిడికిలి. మూడోది. డప్పులు ఆగిపోయాయి. అమ్మవారి మీద ఉన్న భయం కంటే, మరిది వచ్చి అడిగితే ఏం చెప్పాలన్న భయమే పెద్దదైంది నాకు.

ఎంతసేపో తెలియదు. ఆమె కళ్ళు మెల్లగా నా మీదికి వచ్చి నిలిచాయి. పెదవి నాక్కుంది.

"బెల్లం జర తక్కువైంది అక్కా" అంది.

మూడేళ్ళకు మొదటిసారి తీపి తిన్న మనిషి అన్న మాట అది. 

మా అత్త ఇంకా తిడుతూనే ఉంది. పెద్దమనుషులు నన్నేం చెయ్యాలా అని గుసగుసలాడుతున్నారు. దుమ్ములో కూర్చున్న ఆ పిల్ల గొంతు పెంచింది. "అక్కను ఏమనకుండ్రి అత్తా. అమ్మనే నా మీదికొచ్చి పెద్దకోడలి బోనం కావాలె అన్నది. అక్క పెట్టింది. అమ్మ తిన్నది. ఇంక మీరందరు తినొచ్చు."

ఊరంతా నాకు చేతులు జోడించింది. ఆ మరుసటి ఏడు నుంచి మా ఊళ్ళో మొదటి బోనం నాదే. ఎవరిచ్చిన మర్యాద అది? ఆమె ఆడిన అబద్ధం. చూశారా, మంచితనంలో కూడా నాకు వాటా మిగల్చలేదు.

మరునాడు పొద్దున ఇద్దరం వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాం. తల ఎత్తకుండానే అంది. "గంప కింద చూసినవ్ గద అక్కా నువ్వు."

నా చేతిలో చాట ఆగిపోయింది. "నీకెట్లెరుక?"

"గుడ్డ కొస నేను లోపలికి మడిచి పెట్టిన. నేను పోయి చూసేటాళ్ళకు బయటున్నది."

"మరి నిన్న అందరి ముందట ఎందుకు చెప్పలే?"

"నువ్వు రొట్టె చూసినవని నేను చెప్తె, నేను రొట్టె దాచిన్నని నువ్వు చెప్తవ్. ఇద్దరం దొరుకుదుం" అని నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అంది. "నేనంటె నీకు కడుపు మంట. నాకెరుకనే. నిన్ను జూస్తె నాకు గూడ అంతే అక్కా. ఆకలైతె తింటవ్. ఆకలి గాకపోతె ఊకుంటవ్. ఎవల్నీ అడగవ్. ఇద్దరు బిడ్డల్ని కన్నవ్. డాక్టరమ్మ నన్ను కనొద్దన్నది. నా మొగడు నా ముందట కూసుంటడని నువ్వు చూస్తవ్. ఆయన నన్ను చూస్తడా? సూదిని చూస్తడు. బుడ్డిల ఎంత మిగిలిందో చూస్తడు."

"జొన్నలల్ల రాళ్ళున్నయ్, సక్కగ ఏరు" అన్నాను.

నా కుళ్ళు ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం. పోలేదు. కానీ అప్పటి నుంచి పొద్దుటి సూది మరిది వేస్తే, సాయంత్రం సూది నేను వేశాను. నేనే అడిగి తీసుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఉఫ్ఫని ఊదేటప్పుడు, ఇదా మరిది ఇన్నాళ్ళూ తనకే ఉంచుకున్న సుఖం అనిపించేది.

అలా మరో మూడేళ్ళు. తరవాత నైజాం రాజ్యం పోయే ముందరి నెలలు వచ్చాయి. ఊళ్ళలో భయం, దారులు బందు. రైలు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. ఉన్నవి రెండు బుడ్డీలు. మరిది పట్నం పోయాడు. వారంలో రావాల్సినవాడు రాలేదు. రెండు పూటల సూదిని ఒక పూట చేశాం. తరవాత సగం. తిండి తగ్గించాం. గాజు గొట్టంలో రోజూ ఇటుక రంగే. ఆమె మళ్ళీ బిందెలకొద్దీ నీళ్ళు తాగింది. ఈసారి ఎవరం ఎకసెక్కం చెయ్యలేదు.

బుడ్డి అడుగున మిగిలిన నాలుగు చుక్కలు కూడా లాగి వేశాను. నాలుగో రోజుకు ఊపిరి బావిలోంచి తోడుతున్నట్టు తీసింది. నోట్లోంచి మగ్గిన జామపండు వాసన. బండి కట్టి దవాఖానకు బయలుదేరాం. మా అత్త తలాపున, నేను కాళ్ళ దగ్గర. సగం దారిలో ఆమె నా వైపు చూసింది. "ఆయన వస్తె కోపం జెయ్యకుండ్రి. తొవ్వల్నే ఉండి ఉంటడు" అంది. ఇంకో మైలు దాటలేదు. బండిని వెనక్కి తిప్పాం.

పదకొండో దినం అయిన మరునాడు మరిది వచ్చాడు. పట్నం నుంచి నడిచి వచ్చాడు. కాళ్ళు పగిలి ఉన్నాయి. చంకలో తడిగుడ్డలో చుట్టిన ఆరు బుడ్డీలు. మా మొహాలు చూశాడు. "ప్రతి బాయికాడ గుడ్డ తడుపుకుంట వచ్చిన వదినే. ఒక్కటి గూడ వేడెక్కలే" అన్నాడు. తిన్నగా పోయి ఇసుక కుండలో ఆ బుడ్డీలు పెట్టి, చెంబుతో నీళ్ళు పోశాడు.

ఆ మరునాడూ పోశాడు. ఆ తరవాతి రోజూ. పొద్దునా సాయంత్రం. తొమ్మిదో రోజు, అతను చెలకకు పోయిన వేళ చూసి, ఆ ఆరు బుడ్డీలూ తడిగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. బండి కట్టమని మా ఆయనకు చెప్పాను. ఎక్కడికని అడగకుండానే కట్టాడు.

నర్సమ్మ నన్ను చూడగానే, "ఎట్లున్నది అక్కా మన కొల్లాపురామె?" అంది. నేను గుడ్డ విప్పి చూపించాను. ఆరూ సీలు తియ్యనివి. ఆమె బుడ్డీలు చూసి, నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత నా రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది.

మంచం మీద పదేళ్ళ పిల్ల. ఎముకల గూడు. పక్కన తల్లి, కూలి మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. "నెల నుంచి మాకు గూడ మందు వస్తలేదు అక్కా. ఉన్న ఒక్కటి చుక్కచుక్క చేసి ఈమె పాణం ఆపినం. నిన్నటితోని అది గూడ అయిపోయింది" అంది నర్సమ్మ.

సూది మరిగింది. మందు ఎక్కించింది. నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. నర్సమ్మ చూసింది. కానీ మెల్లగా నన్ను దాటి, సూదిని ఆ తల్లి చేతిలో పెట్టింది. "నువ్వే ఎయ్యాలె అమ్మా. రేపు ఇంటికి పోయినంక ఎవలేస్తరు?"

ఆ తల్లి సూది వంకరగా పట్టుకుంది. స్పిరిటు రాసింది, ఉఫ్ఫని ఊదింది. "నొప్పైతదా బిడ్డా?" అంది. బిడ్డ లేదన్నట్టు తల ఊపింది.

నా బతుకులో చాలామందిని చూసి కుళ్ళుకున్నాను. ఆ దవాఖానలో, చిరుగుల చీరలో ఉన్న ఆ కూలితల్లిని చూసి కుళ్ళుకున్నంతగా ఎవరినీ చూసి కుళ్ళుకోలేదు. రేపు పొద్దున లేవగానే ఆమెకు చెయ్యాల్సిన పని ఉంది. నాకు లేదు.

అయింది, ఇంక లేవండి. చిక్కుడుకాయలు ఉడకేసే వేళయింది. మీ ఇంట్లో అందరికీ ఆకలి వేళకు ముద్ద దొరకాలి. జబ్బు పడ్డవాళ్ళకు మందు వేళ తప్పకూడదు. పక్కన కూర్చుని నొప్పైతదా అని అడిగే మనిషి మీ గడప లోపల ఎన్నటికీ కరువు కాకూడదు. పిల్లాపాపలతో సల్లంగ బతకండి.